ఆరో బెడ్ ప్లగ్గు

సురేందర్ విసురుగా వచ్చి ఆరో బెడ్ దగ్గర ప్లగ్గులో ఉన్న చార్జర్ పీకేశాడు.

బెడ్ మీద ఉన్న ఫణీంద్ర లాప్‌టాప్ వంక దిగులుగా చూశాడు. దాని బ్యాటరీ ఎప్పుడో చచ్చింది. మహా అయితే పావుగంట పనిచేస్తుంది.

పంజాగుట్టలోని ఆ ఆస్పత్రిలో సురేందర్ తొమ్మిదేళ్ళుగా డయాలసిస్ టెక్నీషియన్. మంచివాడే. కానీ ఆ సోమవారం పొద్దున వార్డులో కరెంటు ట్రిప్పయి, నాలుగో బెడ్ బుచ్చిబాబుగారి రక్తం మిషన్‌లోనే ఆగిపోయింది. సురేందర్ చేత్తో హ్యాండిల్ తిప్పి తిప్పి ఆయన రక్తం ఆయనకు ఎక్కించాడు. భుజం ఇంకా లాగుతూనే ఉంది. ఫణీంద్ర చార్జర్ వల్లే ట్రిప్పయిందని ఎవరూ తేల్చలేదు. కోపానికి ఏదో ఒకటి కావాలి కదా!

"సురేందర్ గారూ, ఇంకొక్క రెండు పూటలండి. పని చివరికొచ్చేసింది."

"గిది ఆఫీసు కాదు సార్. గా ప్లగ్గు మిషన్‌ది. ఎవరికన్న ఏమన్న అయితే జవాబు నేను చెప్పాలె."

ఫణీంద్ర చార్జర్ వైరు చుట్టి సంచిలో పెట్టుకున్నాడు. ఒకప్పుడు అమీర్‌పేటలో హాలు నిండా కుర్రాళ్ళకు కంప్యూటర్ కోర్సు చెప్పిన మనిషి. కిడ్నీలు పోయాక ఉద్యోగమూ పోయింది. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో ఆరుగురున్న గదిలో ఉంటాడు. ఆరుగురికీ కలిపి ఒకటే ప్లగ్గు. సోమవారం, గురువారం ఇక్కడ దొరికే నాలుగేసి గంటలే తనవి. ఎడమ చేతికి సూదులుంటే కుడి చేత్తో టైపు కొట్టుకునేవాడు. అదేం పనని ఎవరూ అడగలేదు.

డ్యూటీ దిగి సురేందర్ అమీర్‌పేటలో కనకయ్య సీడీల కొట్టు దగ్గర ఆగాడు.

సురేందర్ కూతురు దివ్యశ్రీకి పదమూడేళ్ళు. పుట్టుకతో చెవులు వినపడవు. జపాన్ బొమ్మల సీరియల్ ఒకటుంది, అదంటే ఆ పిల్లకు ప్రాణం. తలకు మిషన్లు తగిలించుకుని కంప్యూటర్ ఆటలోకి వెళ్ళినవాళ్ళు అందులోనే చిక్కుకుపోతారు. ఆటలో చస్తే, ఇక్కడ మంచం మీదా చచ్చినట్టే. మొదట్లో కింద ఇంగ్లీషు అక్షరాలు వచ్చేవి. వాటిని అందుకోలేక దివ్యశ్రీ ఏడ్చేది. నాలుగు నెలల కిందట అదే సీరియల్ ఉన్నట్టుండి తెలుగు అక్షరాలతో కనకయ్య కొట్లోకి వచ్చింది.

అందులో మాటలే కాదు, చప్పుళ్ళు కూడా రాసి ఉండేవి. 'రైలొస్తోంది, కాళ్ళ కింద నేల వణుకుతోంది.' 'వాన మొదలైంది, అరచేతిలో బియ్యం పోసినట్టు.' దివ్యశ్రీ అక్కడ బొమ్మ ఆపి, వంటింట్లోకి పరుగెత్తి, అరచేతిలో బియ్యం పోసుకుని చూసుకుంది. అప్పుడు ఆ పిల్ల మొహం చూసి తీరాలి!

ఇరవై నాలుగు భాగాల్లో ఇరవై మూడు వచ్చాయి. చివరిది ఇంకా రాలేదు.

ఎవరో తెచ్చి ఇచ్చిపోతుంటారని, ఈసారి ఇంకా రాలేదని కనకయ్య చెప్పాడు. ఇంటికెళ్ళేసరికి దివ్యశ్రీ గుమ్మంలోనే నోటుబుక్కు పట్టుకుని నిలబడి ఉంది. 'ఆ అక్క ఆటలకెల్లి బయటికొస్తదా, చచ్చిపోతదా?' అని రాసి ఉంది అందులో. సురేందర్ కింద 'వచ్చే వారం' అని రాశాడు. ఆ రోజు నుంచి పిల్ల సరిగ్గా అన్నం తినలేదు.

సూది గుచ్చేటప్పుడు సురేందర్‌కు ఓ అలవాటుంది. రోగి చేతివైపు చూడకుండా ఇంటి ముచ్చట ఏదో ఒకటి చెప్తూ ఉంటాడు. ఎవరికి ఏం చెప్పాడో తనకే గుర్తుండదు. గురువారం ఫణీంద్రకు మాత్రం ఏ ముచ్చటా చెప్పకుండా గుచ్చేశాడు.

ఫణీంద్ర పావుగంట లాప్‌టాప్ చూసుకుని, అది ఆరిపోయాక పాత చార్టు కాగితాల వెనక పెన్నుతో రాసుకుంటూ కూర్చున్నాడు. తర్వాతి సోమవారం ఆ కాగితాలే తిరగేసి దిద్దుకుని, పరుపు కింద దాచుకున్నాడు. ఆ రోజు వెళ్ళేముందు కాస్త మొహమాటపడుతూ, "మిమ్మల్నొకటి అడగాలండి" అన్నాడు.

"ప్లగ్గు ముచ్చటైతే వద్దు సార్."

ఫణీంద్ర చిన్నగా నవ్వి వెళ్ళిపోయాడు.

గురువారం అతను రాలేదు. హాస్టల్‌కు ఫోన్ చేస్తే, నిన్న పొద్దున గుండె ఆగిపోయిందని, ఊరి నుంచి వాళ్ళ అన్న వచ్చి తీసుకుపోయాడని చెప్పారు.

వార్డు ఆయా వజ్రమ్మ ఆరో బెడ్ పరుపు దులుపుతుంటే కాగితాలు బయటపడ్డాయి.

"గా సార్‌వి. పారెయ్యాల్నా?"

సురేందర్ అందుకున్నాడు. పైన 'ఇరవై నాలుగు, ఆఖరిది' అని ఉంది. కింద వరసగా నిమిషాలు, సెకన్లు, వాటి పక్కన తెలుగు మాటలు. 'తలుపు కొడుతున్నారు, వీపు మీద చరిచినట్టు.'

ఆరో బెడ్ మీదే కూలబడ్డాడు. చార్జర్ పీకిన చెయ్యి తనది కాకపోతే బాగుండుననిపించింది. ఒక్కో కాగితమే తిప్పుతూ పోయాడు.

చివరి కాగితంలో 'ఆ అమ్మాయి మంచం మీద కళ్ళు తెరిచింది' అని ఉంది. తర్వాత 'దూరంగా గంట మోగుతోంది' అని రాసి, దాని పక్కన జాగా ఖాళీగా వదిలేశాడు.

ఆ ఖాళీ కింద చిన్న అక్షరాలతో, తను మరిచిపోకుండా రాసుకున్న మాట ఒకటుంది: 'గంట చప్పుడు ఎలా ఉంటుందో దివ్యశ్రీకి ఎలా చెప్పాలి? సోమవారం వాళ్ళ నాన్నగారిని అడగాలి.'