బకెట్ నీళ్ళు

లారీ ముందు నుంచి బుస్సుమని ఆవిరి లేచింది. ఎక్కాల్సిన ఎత్తు ఇంకా సగం మిగిలే ఉంది.

యజమాని ఇంజన్ ఆపి కిందికి దూకాడు. డ్రైవరు ఆ పొద్దునే చెప్పాపెట్టకుండా మానేస్తే, తప్పనిసరై తనే స్టీరింగ్ పట్టుకున్నాడు. వెనక మంచు పెట్టెల్లో చేపలు. ఐదింటిలోగా ఫ్యాక్టరీ గేటు దాటకపోతే కాంట్రాక్టు ఇంకొకరికి పోతుంది.

రోడ్డు పక్క ఇంటి గుమ్మంలో ఒకామె మిషను కుడుతోంది.

"అమ్మా, ఒక బకెట్ నీళ్ళివ్వు. తొందరగా!"

ఆమె లేచి వచ్చింది. లారీని ముందు నుంచి చూసింది. కాసేపు అలా చూస్తూనే ఉండిపోయింది. తర్వాత లోపలికెళ్ళి గ్లాసుతో నీళ్ళు తెచ్చింది.

"ఇవి మీకండీ. బండికి అరగంట ఆగాక ఇస్తాను."

"అరగంటా! బకెట్ నీళ్ళిస్తే నీ సొమ్మేం పోయిందమ్మా?"

"నాదేం పోదు, మీ ఇంజనే పోతుంది. కాగిన ఇనుము మీద చన్నీళ్ళు పోస్తే బీటలిస్తుంది. అయ్యయ్యో, ఆ రేడియేటర్ మూత ముట్టుకోకండి! మరిగే నీళ్ళు మొహాన కొడతాయి."

ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు. వాచీ చూసుకున్నాడు. ఆడవాళ్ళ పెత్తనం ఇంజన్ల దాకా వచ్చిందని గొణిగాడు. ఆమె విననట్టే కుర్చీ తెచ్చి నీడలో వేసింది.

"ఇంజన్ చుట్టూ నీళ్ళు తిరుగుతుంటాయండీ. దాని వేడి మోసుకుని ఈ రేడియేటర్‌లోకి వస్తాయి. ఫ్యాను గాలికి చల్లారి మళ్ళీ లోపలికెళ్తాయి. ఇదిగో, ఈ రబ్బరు గొట్టం క్లిప్పు వదులైంది. ఉన్న నీళ్ళన్నీ దారిపొడుగునా కారిపోయాయి."

అరగంట దాటాక, పాతగుడ్డ మందంగా మడిచి మూత మీద వేసి కొద్దికొద్దిగా తిప్పింది. స్క్రూడ్రైవరుతో క్లిప్పు బిగించింది. ఎండలో పెట్టి ఉంచిన బకెట్ తెచ్చి, ఇంజన్ స్టార్ట్ చేయించి, నీళ్ళు సన్నధారగా పోసింది. వేడి చూపే మీటర్లో ముల్లు ఎరుపులోంచి దిగొచ్చింది.

ఇంకా నాలుగున్నర కాలేదు. గేటు అందుతుంది. యజమాని మొహం విచ్చుకుంది.

"ఇదంతా ఎవరు నేర్పారమ్మా?"

"మా ఆయన. లారీలే నడిపేవారు."

"అలాంటివాడి కోసమే వెతుకుతున్నాను. నాకు దొరికేవాళ్ళంతా దద్దమ్మలు. రేపే పంపించు, అడిగినంత జీతమిస్తాను."

లోపల గదిలో మంచం కిర్రుమంది. ఎవరూ బయటికి రాలేదు.

"ఆయన స్టీరింగ్ ముట్టుకోవడం మానేశారండీ."

"అదేంటి, అంత పనిమంతుడు ఎందుకు మానేశాడు?"

ఆమె చీరకొంగుతో చేతులు తుడుచుకుంది.

"ఇదే బండిని, ఇదే ఎత్తు మీద, వేడెక్కిందని ఆపితే, తాగి పడుకున్నారని ఊరంతా చాటి తీసేసింది మీరే కదండీ."