ఊరి నడుమ దారి

"బొమ్మ మీంచి చెయ్యి తియ్యి!" మేకల్ని వదిలేసి, కర్ర ఎత్తుకుని లఖ్దర్ గట్టెక్కాడు.

అల్జీరియా కొండల్లో రోమన్ల కాలంనాటి ఆ పాడుబడ్డ ఊరికి దారంటూ లేదు. ముళ్లు తొక్కుకుంటూ వచ్చిన ఫ్రెంచి ఆవిడ, తల లేని పాలరాతి బొమ్మ పక్కన నిలబడి ఉంది.

"నా పేరు ఒడీల్. దొరల కాలంలో ఈ పొలాలు మా తాతవి."

"మా తాతవి. మీవాడు లాక్కున్నాడు. చూసింది చాల్లే, దిగు."

ఆమె దిగలేదు. సంచిలోంచి గుడ్డమూట తీసి విప్పింది. లోపల పాలరాతి తల, ముక్కు కొస విరిగి ఉంది.

"మా తాత బీరువాలో దొరికింది. ఆయనే విరగ్గొట్టి పట్టుకుపోయాడట. తిరిగి పెడదామని తెచ్చాను."

లఖ్దర్ కర్ర కిందికి దిగింది. ఆ తల దొంగిలించాడని నేరం మోపి, ఒడీల్ తాతే అతని తండ్రిని జైల్లో వేయించాడు. తండ్రి అక్కడే పోయాడు. కొండ కింద తన ఊరివాళ్లకి లఖ్దర్ ఇప్పటికీ తలదొంగ కొడుకే. ఊచల వెనకనుంచి "నేను కాదురా" అని తండ్రి అన్నప్పుడు, లఖ్దర్ కూడా మొహం తిప్పుకున్నాడు.

ఒడీల్ తలను బొమ్మ మెడమీదికి ఎత్తబోయింది.

"ఆగు. ఇక్కడ పెడితే చూసేది నా మేకలే."

"మరి?"

"మూట కట్టకుండా చేతుల్లో పట్టుకుని మా ఊరి నడుమ నడువు. కాఫీ కొట్టు ముందు ఆగి, ఎవడు తీశాడో నీ నోటితో చెప్పు."

"రాళ్లు వేస్తారేమో!"

"వేస్తారు." లఖ్దర్ కర్ర చంకన పెట్టుకుని ఆమెకు ముందు నడిచాడు. "ముందు నాకే తగుల్తాయిలే. నాకలవాటే."