గోడకు తెలియని గొంతు

ఇప్పుడు ఎవరు పోయినా, పెద్దకర్మ అయిన మర్నాడే వాళ్ల గొంతును ఇంటి గోడలో అమర్చి వెళ్తున్నారు. దగ్గులు, తడబాట్లు తీసేసి శుభ్రం చేసిన గొంతు. మా ఆయనదీ అమర్చారు. పాలు పొంగుతున్నాయని, నాకు బడికి ఆలస్యమవుతోందని చెబుతుంది. దాన్ని నేనింతవరకు "ఏమండీ" అని పిలవలేదు.

ఆయన బతికుండగా మాట్లాడిన మాట ఒకటి పాత ఫ్లాపీలో ఉండిపోయింది. కంప్యూటర్లో ఫ్లాపీ డ్రైవు ఎప్పుడో పాడైంది. ఆదివారం వేరే డ్రైవు తెచ్చి బిగించాను. దాని దీపం ఆరకుండా వెలుగుతూనే ఉంది, ఫ్లాపీ మాత్రం తెరుచుకోలేదు.

"కేబుల్ తిరగేసి పెట్టావు, వసుమతీ. ఎర్ర గీత అటువైపు రావాలి," అంది గోడ.

"ఆయనా ప్రతిసారీ ఇలాగే పెట్టేవారు."

"నేనా? నేనెప్పుడూ తప్పు పెట్టలేదే."

కేబుల్ సరిచేశాను. డ్రైవు గరగరలాడింది. ముందు దగ్గు వినిపించింది.

"మైకు... ఇది పనిచేస్తోందంటావా, వసూ? ఏదో ఒకటి అనవే."

అంతే ఉంది అందులో.

గోడ అడిగింది.

"ఇంట్లో కొత్త మనిషి గొంతు వినిపించింది. ఎవరు?"

"మా ఆయన," అన్నాను.