మూడు గ్లాసుల జిన్

"ఈ పొద్దు వాసన చూస్తావు. రేపు గుటక వేస్తావు. ఎల్లుండి రోడ్డు పక్కన పడుంటావు. అది చూసేదానికేనా నేను బతికుండేది?"

ఎలిజబెత్ తలుపు గడియ పెడుతూ అన్నది. మధ్యాహ్నం మూడు గంటల ఎండకు కదిరి వీధిలో కుక్క కూడా తిరగడం లేదు. అయినా ఎవరైనా చూస్తారేమోనని కిటికీ కూడా మూసింది.

కొడుకు శశికుమార్ బల్ల మీద మూడు గ్లాసులు పెట్టి, మూడు చిన్న సీసాల్లోంచి ఒక్కోదాంట్లో కొంచెం జిన్ పోశాడు. గోరంట్ల అవతల జిన్ అనే మద్యం తయారుచేసే ఫ్యాక్టరీలో అతనిది రుచి చూసి చెప్పే ఉద్యోగం.

"తాగేదానికి తేలేదమ్మా. మూడు దఫాలుగా కాచిన సరుకు ఇది. రేపు పొద్దున ఓనరు ముందర దేని రుచి ఎట్లుండాదో చెప్పల్ల. చెప్పలేకపోతే ఇంటికి పొమ్మంటాడు."

"శానా గట్టిదా?"

"మామూలుదాంట్లో సారా నూటికి నలభై రెండు పాళ్లు. దీంట్లో యాభై ఏడు."

"యాభై ఏడా. నీకు పదో తరగతిలో గూడా అన్ని మార్కులు రాలేదు గదరా."

శశికుమార్ నవ్వలేదు. గ్లాసుల్లో జిన్‌కు సమంగా నీళ్లు కలిపాడు. "నీళ్లు పడితే లోపలుండే వాసన పైకొస్తాది. నువ్వు చూడు."

"నేనా? ఆదివారం పాస్టరుగారికి నా మొగం ఎట్ల చూపించేది?"

"మింగొద్దు. నాలుక మీద తిప్పి ఉమ్మేయి. దినామూ మసాలా దంచే చెయ్యి నీది. నీకు తెలియని వాసన యాడుండాది?"

తను ఉమ్మేసినంత వాడి కడుపులోకి పోదు కదా అనుకుని ఎలిజబెత్ మొదటి గ్లాసు అందుకుంది. నాలుక చురుక్కుమంది. చెవులు వేడెక్కాయి. గిన్నెలో ఉమ్మి, కొంగుతో మూతి తుడుచుకుంది.

"చర్చిలో బెంచీలకు కొత్తగా వార్నిష్ వేసిన దినం వస్తాదే, ఆ వాసన."

శశికుమార్ నోటుబుక్కులో రాసుకున్నాడు. "ఆ తర్వాత?"

"ధనియాలు. వేయించినట్ల కాదు, పచ్చివి అరచేతిలో నలిపినట్ల."

"రెండోది?"

"దీంట్లో నారింజ తొక్క ఎక్కువైంది. కడాన చేదు."

మూడోది నోట్లో పెట్టుకుని ఎలిజబెత్ గిన్నె వైపు వంగలేదు. కళ్లు మూసుకుంది. కొంచెం గొంతులోకి దిగిపోయింది కూడా.

"ఇది బాగుండాదిరా. మంట పోయినాక చల్లగా, ఏలక్కాయ కొరికినట్ల. పోతానే లేదు, ఆడనే నిలబడుండాది."

ఆ మాట తన నోటినుంచే వచ్చిందని తెలిసి ఆమెకు భయమేసింది. ఒక్క గుక్కకే తనకింత ఇష్టంగా ఉంటే, రోజూ నాలుక మీద పోసుకునే వాడి గతేమిటి? ఎవరి పిల్లలు చెడిపోయినా ఇట్లా రుచి దగ్గరే కదా మొదలయ్యేది.

గ్లాసు పక్కకు నెట్టి లోపలికి పోయింది. బైబిలు తెచ్చి వాడి ముందు పెట్టింది.

"దీని మీద చెయ్యి పెట్టు. ఈ రుచికి బానిస కానని చెప్పు."

శశికుమార్ నోటుబుక్కు మూసి పక్కన పెట్టాడు.

"చెప్పు నాయనా. ఆ ఒక్క మాట చెప్తే నేను నిద్రపోతా."

కరెంటు పోయింది. ఫ్యాను మెల్లగా తిరిగి తిరిగి ఆగింది. వీధి చివర నీళ్ల ట్యాంకరు హారను మోగింది. బిందెల చప్పుడు దగ్గరకొచ్చింది, దాటిపోయింది. ఎలిజబెత్ బిందె తీసుకోలేదు. వాడి నోటి వైపే చూస్తూ నిలబడింది.

శశికుమార్ మూడో గ్లాసు ఎత్తాడు. మిగిలింది ఒక్క గుక్కలో మింగాడు. చివరికి చెయ్యి బైబిలు మీద పెట్టాడు.

"జ్వరమొచ్చి పోయి మూడు నెలలైందమ్మా. అప్పటినుంచి నాకు మంట తప్ప ఏ రుచీ తెలీడం లేదు."