ప్రత్యేక గుర్తులు

"మళ్లీ వచ్చారా?" అన్నాడు గుమస్తా తలెత్తకుండానే.

"వచ్చానండీ," అన్నాడు పెద్దాయన, చేతికర్రను బల్లకు ఆనిస్తూ.

బస్టాండులో పోయిన వస్తువుల గది అది. బస్సుల్లో జనం మర్చిపోయినవన్నీ అక్కడికే చేరతాయి. మూడు నెలల్లో సొంతదారు రాకపోతే చెత్తబండి ఎక్కుతాయి.

పదకొండేళ్లుగా గుమస్తా పని ఒక్కటే, వచ్చిన ప్రతిదానికీ చీటీ రాసి కట్టడం. చీటీలో ఆఖరి గడి 'ప్రత్యేక గుర్తులు'. అందులో అతను ఎప్పుడూ 'ఏమీ లేవు' అనే రాస్తాడు. చూసి రాసే ఓపిక ఎప్పుడో అయిపోయింది.

ఎవరూ రాని గది ఎందుకు, మూసేద్దాం అన్నారు పైవాళ్లు. ఏ గాలి మళ్లిందో, ఆర్నెల్లుగా జనం వచ్చి తమ వస్తువులు పట్టుకెళ్తున్నారు. తను తలుపుకు అంటించిన నోటీసు మహిమేనని గుమస్తా నమ్మకం. లేకపోతే ఈపాటికి అతని ఉద్యోగం కూడా చెత్తబండి ఎక్కేది.

ఈ పెద్దాయన పీడ కూడా ఆర్నెల్ల నుంచే.

"ఈ టిఫిన్ డబ్బా చూశారా? అడుగున చిల్లుకు ఇత్తడి మాటు వేశారు. స్టీలు డబ్బాకి ఇత్తడి మాటు ఎవరు వేస్తారండీ? మీరేమో ఏమీ లేవని రాశారు."

"డబ్బా డబ్బాయే సార్."

"ఈ గొడుగు పిడి ఎడమవైపు అరిగింది. ఎడమచేతివాటం మనిషిది."

"ఎవరిది ఏ వాటమైతే మనకెందుకు? ఇంతకీ మీదేం పోయింది?"

"నాదేం పోలేదండీ. ఊరికే చూసి పోదామని."

గుమస్తాకు చిర్రెత్తుకొచ్చింది.

"ఇదేమన్నా ఎగ్జిబిషనా? పోయిందేంటో కాగితం మీద రాసిచ్చేట్టయితే రండి. లేదంటే రేపట్నుంచి రాకండి."

పెద్దాయన డబ్బాను ఇంకోసారి తిప్పి చూసి, అరలో పెట్టి, కర్ర అందుకుని వెళ్లిపోయాడు.

మర్నాడు రాలేదు. హమ్మయ్య అనుకున్నాడు గుమస్తా.

నాలుగోరోజు ఒక కండక్టరు వచ్చి రెండు గొడుగులు, ఒంటి చెప్పు, ఒక చేతికర్ర బల్లమీద పడేశాడు.

"కర్ర ఎవరో ముసలాయనది. సీట్లోనే కూలబడ్డాడు. ఆస్పత్రికి చేర్చేలోపే ప్రాణం పోయింది."

"అయ్యో," అన్నాడు గుమస్తా ఆవులిస్తూ. నాలుగు చీటీలు రాసి కట్టేశాడు.

ఆ తర్వాత పది రోజులు ఆ గదికి ఒక్కరూ రాలేదు. మూసేసే సంగతి మళ్లీ ఆలోచిస్తున్నామని పైనుంచి ఫోనొచ్చింది.

ఆ మధ్యాహ్నమే ఒకావిడ గుమ్మంలో నిలబడింది.

"ఇత్తడి మాటేసిన డబ్బా ఉందా అన్నా?"

"ఉంది. నోటీసు చూసొచ్చారా?"

"ఏం నోటీసు? నాకు చదువు రాదన్నా. ఒక పెద్దాయన ఇంటికొచ్చి చెప్పారు. మాటేసినతన్ని వెతికి పట్టుకుని, మా ఇల్లు కనుక్కున్నారంట. జ్వరమొచ్చి నేనే ఇన్నాళ్లూ రాలేకపోయా."

డబ్బా చేతికివ్వగానే గుండెకు హత్తుకుంది.

"పోయిన మా ఆయనది. దొరుకుతుందనుకోలేదు. ఆర్నెల్లుగా ఇలాగే ఇల్లిల్లూ తిరిగి అందర్నీ మీ దగ్గరికి పంపుతున్నారంట. మీకెందుకండీ ఇంత శ్రమ అంటే, నింపాదిగా చూస్తే ఏ వస్తువైనా తన ఇల్లెక్కడో చెబుతుందమ్మా అన్నారు. ఇక్కడి సారు చాలా మంచివారని కూడా చెప్పారు."

గుమస్తాకు సిగ్గుతో తల వాలిపోయింది.

"ఆయన ఇక్కడికొస్తారా అన్నా? ఒక్క మాట చెప్పి పోదామని."

"రావడం లేదమ్మా. పేరేంటో, ఇల్లెక్కడో నీకేమైనా చెప్పారా?"

"లేదన్నా. చేతిలో కర్ర ఉంటుంది, పిడికి నీలం దారం చుట్టి."

ఆర్నెల్లు ఆ కర్ర తన బల్లకే ఆని ఉండేది. దానికి దారం ఉందో లేదో గుమస్తాకు తెలియదు.

అతను మెల్లగా అరలవైపు తిరిగాడు.

రెండు గొడుగుల మధ్య నీలం దారం చుట్టిన కర్ర ఒకటి ఉంది, తన చేత్తో రాసి కట్టిన చీటీతో: చేతికర్ర, ప్రత్యేక గుర్తులు ఏమీ లేవు.