పుర్రచేతి వైరింగు

“ఈ టేపు నేను చుట్టింది కాదు!” అంది పుర్రచెయ్యి, అతిథులకు చూపించడానికి తెరిచిన స్విచ్‌బోర్డులోకి తొంగిచూస్తూ. ఎడమచేతివాటం వల్ల పదో తరగతంతా ఆమెను అలాగే పిలుస్తుంది.

బడి ప్రాజెక్టుగా కాలనీ గ్రంథాలయానికి వైరింగంతా ఆమె జట్టే చేసింది. ఇవాళ ప్రారంభోత్సవం. ఊరంతా కనెక్షన్లున్న హెడ్మాస్టరు, బల్బులకంటే ముందే తాను వెలిగిపోతూ, “మా పిల్లలు చేతులారా చేసిన పని!” అని మైకులో ఊదరగొడుతున్నాడు.

బోర్డులోవన్నీ కుడిచేతి చుట్లు. టేపు కొసను అలా లోపలికి మడిచే అలవాటు ఒక్కరికే ఉంది. ఆయన గుమ్మం పక్కనే నిలబడి ఉన్నాడు.

“నాన్నా, నువ్వే మార్చావా?”

ఎలక్ట్రీషియనైన తండ్రి తల దించుకున్నాడు. “నిన్న మీ హెడ్మాస్టరు పిలిచాడమ్మా. పెద్దలొస్తున్నారు, పిల్లల పని నమ్మలేం, మొత్తం పీకి మళ్లీ చెయ్యమన్నాడు.”

“నా పనిలో తప్పేముంది?”

“ఒక్కటీ లేదే తల్లీ. అదే చెప్పాను. వినిపించుకుంటేగా!”

“మరెందుకు విప్పావు?”

“నేను కాదంటే ఇంకొకణ్ణి పిలుస్తానన్నాడు. నువ్వు చేసింది ఎవడో పీకి పారేస్తే చూళ్లేననిపించింది.”

అంతలో హెడ్మాస్టరు మైకు తెచ్చి ఆమె నోటి దగ్గర పెట్టాడు. “చెప్పమ్మా, ఎన్నాళ్లు పట్టింది?”

“విప్పి చెప్పమంటారా సార్? బిగించడానికి మాకు పన్నెండు రోజులు. తప్పేం లేదన్నా వినకుండా మీరు విప్పమంటే, విప్పడానికి మా నాన్నకు ఒక్క పూట.”