ఇరవై పాయింట్ తొమ్మిది

బాపిరాజు తన రేసు కారుకి కొన్న కొత్త సెన్సర్ పొగరు కొలవదు, పొగలో ఆక్సిజన్ కొలుస్తుంది. బిగించే ముందు దానికి శుభ్రమైన గాలి చూపించాలి. మీటరు మీద మంచి గాలిలో ఉండే ఆక్సిజన్ శాతం, ఇరవై పాయింట్ తొమ్మిది, నిమిషంపాటు కదలకుండా నిలవాలి. లెక్క తప్పితే రేపటి రేసులో ఇంజన్ మాడిపోతుంది.

చీకటి పడ్డాక, ఉప్పలగుప్తం రొయ్యల చెరువు గట్టు మీది షెడ్డులో సెన్సర్‌ను దూలానికి వేలాడదీశాడు. అంకె పదిహేడుకి పడింది. లేచింది. మళ్లీ పడింది.

"మీ ఊపిరి తగుల్తోందేమోనండీ," అంది భార్య నాగదుర్గ.

ఇద్దరూ బయటికొచ్చి, తలుపు వేసి, కిటికీ అద్దంలోంచి చూశారు. ఖాళీ షెడ్డులో అంకె నిదానంగా పడి లేస్తూనే ఉంది.

"కనపడకుండా ఎవరో దాని మీదికి వంగి చూస్తున్నారండీ," గుసగుసలాడింది నాగదుర్గ. "మర్యాదగా అడగండి."

బాపిరాజు గొంతు సవరించుకున్నాడు. "ఏమండీ, రేపు రేసుందండీ. ఒక్క నిమిషం ఊపిరి బిగబట్టండి."

ఇరవై పాయింట్ తొమ్మిది.

నిమిషంపాటు అంకె కదల్లేదు. మీటరు పనైపోయినట్టు కూసింది. బాపిరాజు తనకు తెలియకుండానే చేతులు జోడించాడు.

"చాలండీ. వదిలెయ్యండి."

అంకె ఒక్కసారిగా పద్నాలుగుకి జారింది. కిటికీ అద్దానికి లోపలివైపు మెల్లగా ఆవిరి పట్టింది.